పేరు తీసేసిన ఏడుపు

పదకొండేళ్లుగా ఒక పేరు నా గొంతులో ముల్లులా ఉంది. చేపముల్లు అయితే అన్నం ముద్దతో దిగిపోయేది. ఇది దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బరంపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నోరున్నదాన్ని. స్టాఫ్‌రూములో నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు, విసిగి ఊరుకున్నవాళ్లు తప్ప. ఆ రోజుల్లో నన్ను ఒక కథ పట్టుకుంది. యూదుల పవిత్ర గ్రంథంలోది. ఒక సేనాపతి యుద్ధానికి వెళ్తూ, గెలిపిస్తే నా ఇంటి గుమ్మంలోంచి ముందు ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు, తప్పెట కొట్టుకుంటూ, చిందులేస్తూ. మాట ఇచ్చావు కదా, కానీయి అంది ఆ పిల్ల. రెండు నెలలు గడువడిగి, నేస్తాలతో కొండలెక్కి, తన బతుకు కోసం తనే ఏడ్చుకుని తిరిగొచ్చింది. ఆ తర్వాత ఏటా నాలుగు రోజులు ఆడపిల్లలు ఆమె కోసం శోకం పెట్టేవారట. తండ్రి పేరు గ్రంథంలో ఉంది. నేనిక్కడ రాయను, అతనికి చాలినంత దక్కింది. కూతురి పేరు ఎక్కడా లేదు.

దొరికిన వ్యాఖ్యానాలన్నీ చదివాను. చంపలేదు, పెళ్లి లేకుండా విడిగా ఉంచాడంతే అని కొందరు పండితులు. పాత యూదు గురువుల మాట వేరు. ఆ మొక్కును రద్దు చేయగల పూజారి ఒకడున్నాడట. సేనాపతిని, పూజారి దగ్గరికి నేనెందుకు పోవాలని తండ్రి. అవసరం అతనిది, నేనెందుకు పోవాలని పూజారి. ఇద్దరి పంతం మధ్య పిల్ల పోయింది. నా వ్యాసంలో ఆ ఇద్దరినీ చెడామడా కడిగేశాను.

వ్యాసంతో తనివి తీరలేదు. నాటకం మొదలుపెట్టాను. పిల్ల ఏడ్చే పాట దగ్గర కలం ఆగిపోయింది. ఏ పంక్తి రాసినా పరీక్షలో జవాబులా ఉంది.

మా గోసాని నువాగాం వీధికి సముద్రం ఒడ్డు పల్లె పొడంపేట నుంచి కామమ్మ ఎండుచేపలు తెచ్చేది. నాకంటే పెద్దది, అక్క వరసన అప్పా అని పిలిచేదాన్ని. ఆమె కూతురు పదహారేళ్లకే పోయింది. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఒకడికి తండ్రి మాట ఇచ్చేసి, రొయ్యల ఫ్యాక్టరీ పనికి దూరదేశం పంపాడు. పిల్ల ఎదురు చెప్పలేదు. అమ్మవారి పండగ దాకా ఉంటానంది, నేస్తాలతో తిరిగింది, వెళ్లింది. అక్కడే జ్వరంతో పోయింది. ఇదంతా వింటూ నేనేం చేశాను? ఏడ్చాను, నిజమే. కానీ లోపల ఒక మూల, నా నాటకానికి కావలసింది దొరికింది అని కూడా అనుకున్నాను. ఆ మూలను చూపించడానికే ఇంత రాస్తున్నాను.

ఒక ఆదివారం పొడంపేట వెళ్లాను. ఇసుకలో చేపలు తిరగేస్తూ కామమ్మ రాగం తీసింది. ఆమె ఇంటివాళ్లలో పోయినవాళ్ల కోసం ఏడిస్తే, ప్రతి చరణం చివరా పేరు పెట్టి పిలవాలి. పేరు వినబడకపోతే పోయిన మనిషికి అది తన ఏడుపని తెలియదట. ఫోన్లో రికార్డు చేసుకున్నాను.

“ఏటి సేత్తావమ్మా దీన్ని?” అంది.

“నాటకంలో పెడతానప్పా. ఇలాంటి పిల్లే పాతకాలంలో ఇంకొకతె ఉంది. దానికి పేరు కూడా లేదు.”

“పేరు నేకపోతే తల్లి ఏటని పిలిసి ఏడిసింది?”

“ఆ పుస్తకంలో తల్లి ఊసే లేదప్పా.”

“తల్లి నేకుండా పిల్లెలాగొచ్చింది? మొగోళ్లు రాసినారేటి?”

ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్ని వ్యాఖ్యానాలు చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ముందుగా నవ్వు ఆపింది ఆమే.

“ఎట్టుకో. నా పేరొద్దు, నాకేటి పని. నా పిల్ల పేరు మాత్రం తియ్యకు. తీత్తే అది ఇనుకోదు.”

“తియ్యనప్పా,” అన్నాను.

తీశాను. ఎందుకు? ఆ కాలపు పిల్ల పాటలో మన పేరు పొసగదనుకున్నాను. పేరు లేకపోవడమే కదా నాటకం అని నాతో నేనే వాదించి గెలిచాను. అబద్ధం. పేరుంటే ఎవరిదని అడుగుతారు, అడిగితే పాట నాది కాదని తెలిసిపోతుంది. పేరున్న ప్రతిచోటా ‘మౌనం’ అని రాశాను. కరపత్రం మీద రచన అని నా పేరు వేసుకున్నాను.

ప్రదర్శనకు కామమ్మను పిలవలేదు. మా పక్కింటివాళ్లు చెబితే, చేపలమ్ముకుని ఆ సాయంత్రం తనే వచ్చింది. మొదటి చరణం అయింది. మౌనం. వెనక వరుసలోంచి ఒక గొంతు మెల్లగా ఆ పేరు పిలిచింది. రెండో చరణం. మళ్లీ పిలిచింది. జనం వెనక్కి తిరిగారు, ఎవరో నవ్వారు. హాలు చూసుకునే ఆయన నా దగ్గరికొచ్చి, ఆమె మీకు తెలుసా అని అడిగాడు.

“తెలీదు. ఎవరో చేపలామె. బయటికి పంపించండి,” అన్నాను.

ఆమె గొడవపడలేదు. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మూడో చరణం చివర ఎవరూ పిలవలేదు. మర్నాడు అందరూ ఆ మౌనాన్నే మెచ్చుకున్నారు. ఎంత గొప్ప ఊహ అన్నారు. నేను తల వంచి నమస్కారం పెట్టాను.

మళ్లీ మా వీధికి ఆమె రాలేదు. బస్సెక్కితే పొడంపేట ఎంత దూరం? తనే వచ్చి అడగొచ్చు కదా, నేనెందుకు వెళ్లాలి అనుకున్నాను. ఆ మాట ఎక్కడ చదివానో గుర్తొచ్చిన రోజున కూడా వెళ్లలేదు. సముద్రం ఆ ఊళ్లో ఇళ్లను ఒక్కొక్కటే తీసుకుపోయింది, జనం లోపలికి జరిగారు. నేను జరగలేదు.

పోయిన నెల వెళ్లాను. కామమ్మ పోయి రెండేళ్లయిందని తోడికోడలు చెప్పింది. నువ్వెవరమ్మా అని అడిగింది. చేపలు కొనేదాన్నన్నాను. అక్కడ కూడా దాచాను.

ఆ ఫోను ఏనాడో పాడైంది, గొంతు మిగల్లేదు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఉంటే మాత్రం, ఏ నోటితో అడిగేదాన్ని? నిన్న నాటకం ప్రతి తీసి, మౌనం అని ఉన్నచోటల్లా కొట్టేసి, నా చేత్తో ఆ పేరు రాశాను. ఎన్నాళ్లకో కాస్త ఊపిరాడింది. అంతే, ఇంకేం కాలేదు.

కెరటం ఎనక్కొచ్చింది, నువ్వు రానేదు, బంగారీ.
సేపలు తిరగెయ్యడానికి నీ సెయ్యేదే, బంగారీ.
మీ నాయిన మాట నిలబడింది, నువ్వు పడిపోనావు, బంగారీ.

ఇది కామమ్మ తన కూతురు బంగారి కోసం ఏడ్చిన ఏడుపు. ఇందులో నాది ఒక్క మాటా లేదు.