మడమ ఆనితే మోగే బూటు

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో అమ్మతో నడవడమంటే నాకు పరుగే. ఆమె తలమీద అమ్మే చేపల తట్ట, నోట్లో సగం తెలుగు, సగం హిందీ. స్కూలు సంచీతో రొప్పుతూ నేను వెనకబడితే, తిరిగి చూడకుండానే "బేగి రావే" అనేది.

నాకు పెళ్లయ్యాక, ఒక పొద్దున అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి బతు బస్తీలోని ఇంటికి తెచ్చాక కర్ర సాయంతో లేచేది కానీ, బరువంతా ఎడమకాలి మీదే వేసేది. కుడి పాదం నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేది.

మిడిల్ పాయింట్ అనే పేటలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అమ్మ కుడికాలికి బూటు తొడిగి, లోపల పల్చటి అట్టలాంటిది పెట్టింది. దాని తీగను అమ్మ నడుముకు కట్టిన చిన్న పెట్టెకు కలిపింది. మడమ మీద బరువు సరిగ్గా పడితేనే ఆ పెట్టె కుయ్‌మంటుందట.

అమ్మ గది ఆ చివరిదాకా నడిచింది. పెట్టె పలకలేదు.

"నాను కాలేసినాను గదా. ఇదే పాడైపోనాది," అంది.

ఆ అమ్మాయి అట్టను తన బూటులో పెట్టుకుని నడిచి చూపించింది. అడుగడుక్కీ మోగింది. అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. కాలు పూర్తిగా మోపుతున్నట్టే తనకు అనిపించేదని ఇంటికొచ్చాక చెప్పింది.

తర్వాత పట్టుబట్టి నడిచింది. చాలా రోజుల పాటు మా ముగ్గురి చెవులూ ఆ పెట్టె మీదే. చివరికి ఒకసారి మోగింది. అమ్మ అక్కడే ఆగి నావైపు చూసింది.

"ఇన్నావేటే?"

"విన్నానమ్మా."

"ఉండు, మళ్లీ ఇను."

అడుగులు కుదురుకున్నాక, "ఠీక్ హై ఆంటీ, ఇప్పుడు ఆవాజ్ బంద్ చేస్తాను. ఇక మీ కాలే చూసుకోవాలి," అంది ఆ అమ్మాయి. మోత ఆగగానే అమ్మ తడబడింది. కళ్లు మూసుకుని కాసేపు నిలబడింది. తర్వాత మడమ ఆనినప్పుడల్లా తనే నోటితో "కుయ్" అనుకుంటూ గది దాటింది. ఆ అమ్మాయీ నేనూ నవ్వాపుకోలేకపోయాం.

చేపల అమ్మకం మళ్లీ కుదరలేదు. కర్ర కూడా పూర్తిగా వదల్లేదు. కానీ తన పనులకు తనే వెళ్లగలిగేది, పోయేదాకా.

ఫిజియోథెరపీకి వెళ్లిన రోజుల్లో, అది అయ్యాక పక్క దుకాణంలో టీ తాగేవాళ్లం. పెళ్లైన కొత్తలో విశాఖపట్నం నుంచి ఓడెక్కి, దారంతా వాంతులతో ఈ దీవికి ఎలా వచ్చిందో అక్కడే చెప్పింది నాకు. ఒకరి పక్కన ఒకరం అలా తీరిగ్గా కూర్చోవడం అంతకుముందు మాకెప్పుడూ కుదరలేదు.