ఆరో ఈల

“కొండంటే వణికిపోతావు, నీకెందుకు హిల్డా ఈ నడక?” అని అడిగాడు మాంసం కొట్టు విల్ఫ్. ఆమె చందా కాగితం ముందుకు తోసింది. ఆమె నడిచిన ప్రతి మైలుకూ రెండు పౌండ్లిస్తానని రాశాడు. కాలు విరిగిన మొగుణ్ణి ఒకప్పుడు ప్రాణాలతో దించిన కొండ రక్షణ దళం కోసం హిల్డా ఏటా ఈ పది మైళ్లూ నడుస్తుంది, ఈల పళ్ల మధ్య బిగించి, దారి పక్క రాళ్ల గోడ తడుముకుంటూ. ఈసారి తొమ్మిదో మైలు దాటగానే పొగమంచు కమ్మింది; తన బూట్లే తనకు కనబడలేదు. ఆపదలో దళాన్ని పిలవాలంటే ఈల ఆరుసార్లు ఊదాలి. ఐదు ఊది ఆపేసింది. అయినా దళంలోని ఆలిస్టర్ వెతుక్కుంటూ వచ్చాడు.

“ఆరోది మింగేశావా పెద్దమ్మా?”

“ఊదితే మీరంతా పరిగెత్తుకు రావాలిగా నాయనా! చందాలు తెచ్చేదాన్ని, పని తెచ్చిపెడితే ఎట్లా?”

చివరి మైలు అతని చెయ్యి వదలకుండా దిగింది. అది నడక కిందికి రాదంటాడు విల్ఫ్. ఆ రెండు పౌండ్లు ఇంకా రావాలి.