గడ్డి కుక్కిన సంచి

హైదరాబాద్ పోవడానికి మా ఊరివాళ్ళకు దారులకేం తక్కువ లేదు. కొత్తగూడెం వెళ్ళి రైలెక్కవచ్చు. ఖమ్మం వెళ్ళి బస్సు పట్టుకోవచ్చు. అన్నిటికన్నా తేలిక, మధ్యాహ్నం రెండింటికి అడ్డరోడ్డు మీద ఆగే హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్. కాకపోతే మాది భద్రాచలం అడవి అంచున ఉన్న పల్లె. అడ్డరోడ్డు ఇరవై కిలోమీటర్లు. ఊళ్ళోకి బస్సు లేదు. ఏ దారిన పోవాలన్నా ముందు ఒకే ఒక్కడి జీపు ఎక్కాలి. వాడి జీపు తగలబడ! ఇన్నేళ్ళయినా వాడిని ‘ఆయన’ అనడానికి నాకు నోరు రాదు.

జీపు నిండితే తప్ప కదలదు. అది ఎక్కడైనా ఉన్నదే. వీడి తెలివి వేరు. ఖాళీ జీపు చూస్తే జనం ఎక్కరు, ఏ ట్రాక్టరో లారీయో పట్టుకుని పోతారు. అందుకని ఇంట్లోవాళ్ళనూ చుట్టాలనూ సంచులతో సహా ముందే కూర్చోబెట్టేవాడు. నిండుగా ఉంది, ఇప్పుడే కదులుతుందని మనం ఎగబడి ఎక్కుతాం. మనం ఎక్కినకొద్దీ వాళ్ళు ఒక్కొక్కరే బీడీకనో నీళ్ళకనో దిగిపోతారు, మళ్ళీ రారు. రోజూ తిరిగే మగవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఏడాదికోసారి ఎక్కే మాకేం తెలుసు?

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. నర్సు ట్రైనింగ్‌కు పెట్టుకుంటే కౌన్సెలింగ్‌కు రమ్మని కార్డు వచ్చింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా హైదరాబాద్‌లో ఉండాలి. మా అమ్మ ఎండల్లో బీడీలు చుట్టే తునికాకు కోసి చదివించిన చదువది. ఇద్దరం పదకొండింటికే జీపు దగ్గరికి వెళ్ళాం. రెండే చోట్లు ఖాళీగా ఉన్నాయి. మా అదృష్టం బాగుందని ఎక్కి కూర్చున్నాం.

నా పక్కన కూర్చున్నది జీపువాడి భార్య. పెద్ద సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“యాడికి బిడ్డా?” అని అడిగింది.

“హైదరాబాద్ పోతున్నం పెద్దమ్మా. రెండు గంటల బస్సు అందుకోవాలె.”

“గదెంత పని! గిప్పుడే కదులుతది.”

అరగంట గడిచింది. జామాయిల్ కర్ర వేసుకుని ఒక లారీ వచ్చి ఆగింది. అడ్డరోడ్డుకే పోతున్నానని, ముందు చోటుందని డ్రైవరే పిలిచాడు. నేను లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఆడివిల్లవు, లారీల ఏందే? కూసో. నేను సుత పోతున్న గదా.”

ఎంత ఆప్యాయంగా అన్నదో! అమ్మ కూడా కూర్చోమంది. లారీ వెళ్ళిపోయింది. కాసేపటికి ఆమె లేచి, “నీళ్ళు తాగొస్త బిడ్డా, నా సంచి జర చూస్తుండు” అని దిగింది.

మేం చూశాం. పిచ్చివాళ్ళలా చూశాం. ఎవరైనా ఆ చోట కూర్చోబోతే అమ్మ సంచి మీద చెయ్యి వేసి, “మనిషున్నది, నీళ్ళకు పోయింది” అని గొడవపడింది. ఒక్కొక్కరే దిగడం, ఇంకొకరు ఎక్కడం... జీపు కదిలేసరికి ఒంటిగంటన్నర దాటింది. అప్పుడు కూడా అమ్మ, “ఆపు, సంచిగలామె రాలే!” అని అరిచింది. జీపువాడు పగలబడి నవ్వాడు. వెనక్కి చెయ్యి చాచి సంచి లాక్కుని పక్కనే ఉన్న తన ఇంటి గుమ్మం ముందు విసిరేశాడు. మూతి ఊడి గడ్డి బయటపడింది. ఉత్త ఎండుగడ్డి.

అడ్డరోడ్డు చేరేసరికి ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. ఇంకో బండి కోసం చూస్తుండగానే చీకటి పడింది. ఆ రోజుల్లో పొద్దు గూకితే ఆ రోడ్డు మీద బండ్లు నడిచేవి కావు. తెలిసినవాళ్ళ ఇంట్లో తలదాచుకుని, మర్నాడు పడుతూ లేస్తూ హైదరాబాద్ చేరేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర మనిషి నా కార్డు చూసి, “నీ నంబర్ పొద్దుగాల్నే పిలిచిన్రమ్మా” అన్నాడు. అంతే. నా నర్సు చదువు ఆ గేటు దగ్గరే అయిపోయింది. తిరిగొచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను.

కూర్చున్నాను గానీ కడుపు మంట చల్లారలేదు. రోజూ పొద్దున్నే జీపు దగ్గరికి పోయి నిలబడేదాన్ని. ఎవరైనా ఎక్కబోతే వేలు పెట్టి చూపించేదాన్ని. “ఈయన దిగుతడు. గామె దిగుతది. ఆ మూలకున్నాయన వీళ్ళ బామ్మర్ది.” జీపువాడు కొట్టడానికి వచ్చాడు. “కొట్టు చూద్దాం” అన్నాను. కొట్టలేదు.

అది చాలలేదు. ఊరంతా తిరిగి సంతకాలు, వేలిముద్రలు పోగుచేసి బస్సు డిపో చుట్టూ తిరిగాను. చివరికి ఖమ్మం దాకా ఒక ఎర్ర బస్సు నెలరోజులు నడిపి చూస్తామన్నారు. జనం ఎక్కకపోతే తీసేస్తామన్నారు. జీపువాడు ఊరుకుంటాడా? బస్సుకు పది నిమిషాల ముందే ఉన్నవాళ్ళందరినీ ఎక్కించుకుని ఉడాయించేవాడు. ఇక నేను వాడి విద్య వాడి మీదే ప్రయోగించాను. తునికాకు కోసే ఆడవాళ్ళను బతిమాలి, బుట్టలతో సహా బస్సు నింపాను. పక్క ఊరిదాకా టికెట్ తీసుకుని, అక్కడ దిగి, అడవిలో ఆకు కోసుకుంటూ నడిచి వచ్చేవాళ్ళం. డిపోవాళ్ళు చూడటానికి వచ్చిన రోజు బస్సులో కాలు పెట్టే సందు లేదు. బస్సు నిలబడింది. ఏడాది తిరిగేలోపు వాడు జీపు అమ్ముకున్నాడు. వాడి ఇంటి ముందుకు రాగానే హారన్ కొట్టమని బస్సు డ్రైవర్‌ను బతిమాలేదాన్ని. పాపం, నవ్వుతూ కొట్టేవాడు.

మరో రెండేళ్ళకు ఒకరోజు లైనింగ్ గుడ్డ కోసం ఖమ్మం పోతున్నాను. ఊరి చివర జీపువాడి భార్య ఒక్కతే ఎక్కింది. చేతిలో ఎక్స్‌రే కవరు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలని, ఖమ్మంలో బస్సు దొరుకుతుందా అని కండక్టర్‌ను అడుగుతోంది. బస్సంతా నిండింది. నా పక్కన మాత్రం నా ఖాళీ సంచి ఉంది.

“ఈడ ఎవరన్న ఉన్నరా బిడ్డా?”

“ఉన్నరు. నీళ్ళకు పోయిన్రు పెద్దమ్మా. సంచి చూస్తుండమన్నరు.”

ఆమె నా మొహం వైపు చూసింది. ఆ మాటలు తనవేనని గుర్తుపట్టింది. కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని కమ్మీ పట్టుకుంది. అడ్డరోడ్డు పోయింది, కొత్తగూడెం పోయింది. జాలి కలగలేదంటే అబద్ధం. కలిగింది. సంచి తీయలేదు. ఖమ్మం దాకా నిలబడే వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, మెచ్చుకుంటుందని. అమ్మ చేస్తున్న పని ఆపింది.

“ఆ ఎక్స్‌రే ఎవరిదంటనే? ఆమెకు ఏమైందంట?”

నేను అడగలేదు. నర్సు కావాలనుకున్నదాన్ని, నాకు అది అడగాలనే తోచలేదు. అడిగి ఉన్నా, సంచి మాత్రం తీసేదాన్ని కాదు.