ఎవరు పిలిచినారు నిన్ను?

విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు సాగుచేసిన మా చిన్నత్తకు పిలవని పేరంటమంటే ఒళ్లుమంట. అడగకుండా ఎవరైనా గుంట గట్టుమీదికొస్తే నడుంమీద చెయ్యి పెట్టి, "ఎవరు పిలిచినారు నిన్ను?" అనేది.

ఒకసారి మందులమ్మే అతను వచ్చి, నీళ్లలో వేలైనా ముంచకుండానే, "అమ్మా, మీ రొయ్యలకు తెల్లమచ్చల జబ్బు. ఈ మందు చల్లకపోతే గుంట ఖాళీ" అన్నాడు. అత్త ఎప్పుడూ అడిగే ఆ మాటే అడిగి, వల విసిరి చూపించింది. రొయ్యలు గాజుముక్కల్లా మెరుస్తూ ఎగిరిపడ్డాయి. అతను తన మందు డబ్బాలెత్తుకుని పోయాడు.

అత్త బ్యాంకు పనులన్నీ కంప్యూటర్‌లో నేనే చూసేదాన్ని. ఒకరోజు తెరంతా ఎర్రబడి కీచుమని మోగింది. 'మీ కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రాములు చేరాయి. వాటిని తీసేసే మా సాఫ్ట్‌వేర్ వెంటనే కొనండి' అని రాసుంది. భయపడి నొక్కబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు పిలిచినారమ్మే దీన్ని?"

"ఎవరూ పిలవలేదత్తా. అదే వచ్చింది."

"జబ్బు చెప్పేదీ అదే, మందమ్మేదీ అదేనా? ఆపెయ్ ముందు!"

తెరమీద దేన్నీ నొక్కకుండా కంప్యూటర్ ఆపేశాను. మళ్లీ ఆన్ చేసి, మేము ముందే కొనుక్కున్న యాంటీవైరస్‌తో అంతా వెతికించాను. ఏమీ లేదు.

అత్త నడుంమీద చెయ్యి పెట్టి, గట్టుమీద నిలబడ్డట్టే నిలబడి నవ్వింది.

"ఇదీ డబ్బాలెత్తుకోని పోయిందిలే!"