శనివారం నాటి తపాలా ముద్ర

కినుయె ముప్ఫై ఒక్క ఏళ్లుగా కార్డులు రాస్తోంది. జపాన్‌లో నాగావొకా స్టేషన్ వెనక ఒక లాండ్రీ కౌంటర్లో ఆమె పని. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, తడి బట్టల ఆవిరిలో కూర్చుని, సరుకుల పొట్లాల మీద నుంచి కత్తిరించిన కూపన్లను పోస్టుకార్డులకు అంటించి బహుమతుల పోటీలకు పంపుతుంది. కార్డు అంచులకు నారింజ రంగు పూస్తుంది. డ్రా తీసే చెయ్యి ఎవరిదో తెలియదు గానీ, ఆ చేతికి కళ్లుంటాయని ఆమె నమ్మకం.

ఇన్నేళ్లలో వచ్చినవి తువ్వాళ్లు, కూర పొట్లాలు, ఒకసారి అన్నం కుక్కరు. ‘గెలిచినవారి పేర్లు ప్రకటించం, బహుమతి పంపడమే ప్రకటన’ అని దాదాపు ప్రతి పోటీ అడుగునా చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే అదృష్టం ఆమెకు ఎప్పుడూ ముందుగా కబురు పెట్టలేదు. పెట్టెలా వచ్చి గుమ్మంలో దిగేది, అంతే. మొదటి బహుమతి మాత్రం ఒక్కసారీ దిగలేదు.

అక్టోబరు చివరి శుక్రవారం సాయంత్రం, చాలా రోజుల తర్వాత ఫోనులో మెయిల్ తెరిస్తే, సోయా సాస్ కంపెనీ పేరు కనిపించింది. మొదటి బహుమతి మీకే, కొండల్లో వేడినీటి బుగ్గల సత్రంలో ఇద్దరికి రెండు రాత్రులు, అని ఉంది. లింకు నొక్కి పుట్టిన తేదీ, వెంట వచ్చేవారి వివరాలు నింపాలట. ఆదివారం రాత్రి పన్నెండు దాటితే బహుమతి మరొకరికి పోతుందట.

వేసవిలో ఆ పోటీకి ఆరు కార్డులు వేసిన మాట నిజమే. సాస్ సీసా మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. సోమవారం దాకా ఆఫీసు ఉండదని రికార్డు గొంతు చెప్పింది.

“దాన్ని ముట్టుకోకే,” అంది మర్నాడు లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి, ఆమెతో కలిసి పనిచేసే ఫుసాకో. కినుయె కంటే నాలుగేళ్లు పెద్దది. నిరుడు ఉచితంగా పీతలు వస్తాయన్న మెయిల్ నమ్మి బ్యాంకు కార్డు నంబరు ఇచ్చేసింది.

“నువ్వు పీతలకు పడిపోయావక్కా. ఇది సోయా సాస్.”

“పీతల్లోకి సాసేగా నంజుకునేది! ఇన్నేళ్లలో నీకు ముందు చెప్పి పంపినవాడు ఒక్కడున్నాడా?”

“కొండనీ వేడినీళ్లనీ పెట్టెలో పెట్టి ఎలా పంపుతారు మరి? అడగాల్సిందేగా.”

“నీ పుట్టినరోజు వాడికెందుకే, కేకు తెస్తాడా?”

“వెంట వచ్చేవాళ్ల పేరూ అడిగారు. నీ పేరే రాద్దామనుకున్నా.”

ఫుసాకో ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టింది. “నా పేరు ఆ దొంగల దగ్గర ఎప్పుడో ఉందిలే,” అంది.

కినుయె లింకు నొక్కలేదు. సీసా మీదున్న కంపెనీ చిరునామాకు రాయడానికి ఒక కార్డు తీసుకుంది. ‘మెయిల్ మీరే పంపి ఉంటే, బహుమతి సంతోషంగా తీసుకుంటాను. మీరు కాకపోతే, మీ పేరు ఎవరో వాడుకుంటున్నారు, చూసుకోండి’ అని రాసింది. గడువు లోపల తపాలా ముద్ర పడితే చాలు, కార్డు ఎప్పుడు చేరినా చెల్లుతుంది. పోటీల్లో ఆమె ఎరిగిన నియమం అది. పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి ఎక్స్‌ప్రెస్‌లో ఇచ్చి, నల్లటి గుండ్రటి ముద్ర కార్డు మీద పడేదాకా కదల్లేదు. తిరిగి వస్తుంటే వీధి తేలికగా అనిపించింది. ఆదివారమంతా ఆ సత్రం గురించి, అక్కడికి వెళ్లే రైళ్ల గురించి చదువుతూ గడిపింది.

మంగళవారం లాండ్రీలో ఉండగా ఫోను మోగింది.

“మీ కార్డు అందిందండీ,” అంది కంపెనీ అమ్మాయి. “ఆ మెయిల్ మాదే. కానీ గడువు దాటగానే కంప్యూటరు ఇంకొకరిని ఎంపిక చేసేసింది.”

“ముద్ర శనివారానిదే కదమ్మా?”

“అవునండీ, నా ముందే ఉంది, చక్కగా కనిపిస్తోంది. ఆ ఫారానికి మాత్రం ముద్రల సంగతి తెలియదండీ. క్షమించండి.”

“దొంగేనా?” అని పెదవులు కదిపి అడిగింది ఫుసాకో. కినుయె తల అడ్డంగా ఊపింది. ఫుసాకో చేతిలోని చొక్కాను మళ్లీ మొదటి నుంచి ఇస్త్రీ చేయసాగింది.

“ఎవరికొచ్చిందమ్మా?”

“చెప్పకూడదండీ.”

“సరే. వాళ్లకో మాట చెప్పు. నవంబరు పదిలోపే బయల్దేరమను. తర్వాత ఎర్రబడ్డ ఆకులన్నీ రాలిపోతాయి. దారిలో మారి ఎక్కే రెండో రైల్లో ఎడమవైపు కూర్చోమను, నది కనిపిస్తుంది.”

అవతల కాగితం మీద కలం కదిలిన చప్పుడు.

“ఎడమవైపు,” అంది ఆ అమ్మాయి, రాసుకుంటూ.