నేను కొన్న దేశం

అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్ళో మా తెలుగువాళ్ళు నన్ను ‘దీవిగారు’ అంటారు. అసలు పేరు గౌరీశంకర్. కరీబియన్ సముద్రంలో ఒక బుల్లి దీవికి నేను పౌరుణ్ణి. ఆ దీవి ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు.

అంత అవసరం ఏమొచ్చిందంటే, మా అమ్మాయి ప్రణీత. రెండేళ్ళ పిల్లగా చంకనేసుకుని తెచ్చాం. ఇప్పుడు పందొమ్మిది. నాకు గ్రీన్‌కార్డ్ వచ్చేలోగా దానికి ఇరవయ్యొకటి నిండితే నా ఫైల్లోంచి పేరు తీసేస్తారు. తర్వాత సొంత వీసా దొరక్కపోతే దేశం వదిలి పోవాల్సిందే. ఇండియావాళ్ళ క్యూ చూస్తే నా మనవల కాలానికి గానీ కదిలేలా లేదు.

డబ్బు కడితే పౌరసత్వం ఇచ్చే దేశాలున్నాయని ఎక్కడో చదివాను. దేశం మారిస్తే క్యూ మారుతుంది కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

“ముందు లాయర్‌ని కనుక్కోండి,” అంది మా ఆవిడ కృష్ణవేణి.

“నాకు తెలీని ఇమ్మిగ్రేషనా!” అన్నాను. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో పులిహోర ప్లేటు పట్టుకుని వీసాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఇంకొకళ్ళని అడగడమేమిటి?

కొంపల్లిలో ప్లాటు అమ్మి డబ్బు దీవికి పంపాను. కొన్ని నెలలకి పాస్‌పోర్ట్ వచ్చింది, అట్ట మీద పక్షి బొమ్మతో. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి పాతది అప్పగించాలి. దాన్ని కవర్లో పెడుతుంటే ఏడుపొచ్చింది. పిల్లకోసమే కదా అని సర్దుకున్నాను.

ఆ శనివారం పార్టీ ఇచ్చాను. పక్కవీధి హనుమయ్య కొత్త పాస్‌పోర్ట్ తిరగేసి, “ఇగ హైదరాబాద్ పోవాల్నంటే నువ్వు వీసా తీస్కోవాలె గదనే!” అని పకపకా నవ్వాడు.

“మా ఆవిడ కువైట్ సరుకు, నేను దీవి సరుకు,” అన్నాను గొప్పగా. వాళ్ళ నాన్నగారు కువైట్‌లో ఉద్యోగం చేసేటప్పుడు కృష్ణవేణి అక్కడే పుట్టింది. పెళ్ళయినప్పట్నుంచీ నాకదొక జోకు. ఆవిడ ఎప్పట్లాగే నవ్వలేదు.

సోమవారం పాస్‌పోర్ట్ తీసుకుని కంపెనీ లాయరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ దాన్ని చూసి నిట్టూర్చింది. “క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. ఏ పాస్‌పోర్ట్ కొన్నా మీరు పుట్టింది ఇండియాలోనే.”

ప్రణీత మొహం కళ్ళముందు కదిలింది. ఎంత వెర్రివెధవని!

“పోనీ, మీ భార్య ఎక్కడ పుట్టారు?”

“కువైట్.”

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. “భార్య పుట్టిన దేశం క్యూలో భర్తకీ చోటుంటుంది. మీరు అప్లై చేసిన తేదీని ఆ క్యూ ఎప్పుడో దాటిపోయింది. అమ్మాయికీ ఇబ్బంది ఉండదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

జోకు అనుకున్నానని చెప్పనా? పిల్ల గట్టెక్కిందని అక్కడే ఏడ్చేశాను.

ఇంటికొచ్చి, తల దించుకుని సంగతంతా చెప్పి, “వేణీ, నీ బర్త్ సర్టిఫికెట్ కావాలి,” అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి కాగితం తెచ్చింది. నేను చెయ్యి చాపాను. నన్ను దాటుకెళ్ళి ప్రణీత చేతిలో పెట్టింది.

“నువ్వే తీసుకెళ్ళి లాయర్‌కివ్వు తల్లీ. మీ నాన్న చేతికిస్తే దీన్ని కూడా ఏ దీవికో పంపించేస్తారు.”