ఫుట్‌బాల్ గేటు ముందు అమ్మ సర్వపిండి

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే సూరత్ పాండేసరలోని మా ఇరుకు గదంతా నువ్వుల వాసనే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, కారం కలిపి అమ్మ గిన్నెలకు ఒత్తేది. వేలితో చిల్లులు పెట్టే పని నాది. నేను లేకపోతే సర్వపిండి కాలదు అన్నంత గొప్ప నాకు!

సాయంత్రం మా వాడ పక్క గ్రౌండులో ఫుట్‌బాల్ మ్యాచ్. జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకున్న క్లబ్ అది. మాకు ఆట తెలియదు, వచ్చే జనం తెలుసు. వాళ్లొస్తే సైకిల్ స్టాండుకు, చాయ్ బండికి, గేటు ముందు బుట్టతో కూర్చున్న అమ్మకు... అందరికీ పండగే. గుజరాతీ పిల్లలు తమ రొట్టె పేరు తగిలించి 'తెలుగు థేప్లా' అని అడిగి మరీ కొనుక్కునేవాళ్లు. అమ్మ మూతి తిప్పుతూనే ఇంకో ముక్క వేసేది.

అంతకుముందు నాన్న పనిచేసే మరమగ్గాల కార్ఖానాలోనే అమ్మ కూడా దారం కండెలు చుట్టేది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఈ బుట్ట పెట్టాకే ఆ పని మానింది, దగ్గూ తగ్గింది.

ఒక ఏడు దీపావళి ముందు గ్రౌండు గేటుకు తాళం పడింది. పండక్కి మిల్లులు మూసి, మళ్లీ తెరవడం సూరత్‌లో మామూలే కదా... అమ్మ ఇదీ అంతే అనుకుంది.

"మిల్లు తెరిసినంక గిది గూడ తెరుస్తరు తియ్" అంది.

మిల్లులు తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం, ఎప్పటికంటే ఎక్కువ పిండి కలిపింది. బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లాం. గేటుకు అదే తాళం. క్లబ్‌ను వేరే ఊరివాళ్లు కొనుక్కున్నారట, ఇక ఇక్కడ ఆడరట... కాపలా ఆయన చెప్పాడు. అయినా అమ్మ పొద్దు గూకేదాకా అక్కడే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ఆ చల్లారిన సర్వపిండే తిన్నాం. అమ్మ ముట్టలేదు. గిన్నెలు కడుగుతూ నాన్నతో ఒక్క మాట అంది.

"రేపటిసంది నేను గూడ కండెలకొస్త."

దగ్గు తిరిగొచ్చింది... నేను పదో తరగతికి రాకముందే అమ్మను తీసుకుపోయింది.

ఇప్పుడు సూరత్‌లోనే అడాజన్‌లో ఉంటున్నాను. ఏదో క్లబ్ అమ్ముడుపోయిందని టీవీలో చెబితే, మా ఆయన ఆటగాళ్ల గురించి మాట్లాడతాడు. నాకు మాత్రం ఆ గేటు దగ్గర బుట్ట పెట్టుకునే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా అనిపిస్తుంది.

మీ ఊరి గ్రౌండు ముందు ఎవరు కూర్చునేవారు? పేరు గుర్తుంటే రాయండి...

మా అమ్మ పేరు రాజవ్వ.